మస్టరుకెక్కని చేతులు

హైదరాబాదులో మా తాతల తరం జ్వరాల దవాఖానను దాని అసలు పేరుతో ఏనాడూ పిలవలేదు. కోరంటి దవాఖాన అనేవారు. ఇంగ్లీషు క్వారంటైన్ జనం నోళ్లల్లో నలిగి కోరంటి అయింది. 1897లో సికింద్రాబాదులో, దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుక్కున్న రోనాల్డ్ రాస్ పేరు దానికి పెట్టారు. దొర పేరు బోర్డు మీద ఉంది. రోగి కింద పాన్ తీసినవాళ్ల పేరు ఎక్కడుంది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో పుట్టలేదు. మా అమ్మ ఒక పెద్ద సర్కారు దవాఖానలో ఆయా. రోజుకూలి మీద. తెల్లారకముందే ఫినాయిలు వాసనలోకి పోయేది, ఆ వాసనతోనే ఇంటికొచ్చేది. కాన్పు గుడ్డలు ఉతికేది, స్ట్రెచర్ తోసేది, ముర్దాఘర్ కడిగేది. రోగులు ఆమె చేత మలమూత్రాలు ఎత్తించుకునేవాళ్లు, ఆమె చేతి మంచినీళ్లు మాత్రం తాగేవాళ్లు కాదు. "పాన్ తీసేటప్పుడు ఈ చెయ్యి గావాలె బిడ్డా, నీళ్లిచ్చేటప్పుడే కులం యాదికొస్తది" అని నవ్వేది. ఆ నవ్వు నాకిప్పటికీ అర్థం కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ తర్వాత ఏడో నిజాం కాలంలో అక్కడే ఉస్మానియా దవాఖాన లేచింది. దాని గుమ్మటాల గురించి, డిజైను చేసిన విన్సెంట్ ఎష్ గురించి చదువుతాం. చింతచెట్టును కూడా తలుచుకుంటాం. మంచిదే. కాని వరద తీసినాక బురదలో ఉబ్బిన శవాలనూ కళేబరాలనూ ఎత్తింది ఎవరు? ఈ దేశంలో ఆ పని ఏ కులాల నెత్తిన వేస్తారో చెప్పాలా? చెట్టుకున్న చరిత్ర మనిషికి లేకపోయింది.

అయితే మనవాళ్లు ఎత్తిపోసే పనే చేశారనుకుంటే అది ఇంకో అబద్ధం. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం పెట్టిన భాగ్యరెడ్డివర్మ వాలంటీర్లను కూడగట్టాడు. అంటురోగాల రోజుల్లో సొంత చుట్టాలే దగ్గరికి రాని రోగులకు ఆ యువకులు సేవ చేశారు, దిక్కులేని శవాలను సాగనంపారు. అదే చేతులతో బడులు నడిపారు, కల్లు సారా మానమని వాడవాడా తిరిగారు. కులం పేరిట చేయించుకున్న చాకిరీ వేరు, సంఘం పెట్టుకుని చేసిన సేవ వేరు. ఒకదాంట్లో తల వంచాలి, రెండోదాంట్లో తలెత్తాలి. పి.ఆర్. వెంకటస్వామి 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అచ్చువేయకపోతే ఆది హిందూ ఉద్యమం సంగతి మనకు ఇంతమాత్రం కూడా దక్కేది కాదు.

1984లో అమ్మకు దగ్గు పట్టుకుంది. నెత్తురు పడింది. టి.బి. అన్నారు. ఏ వార్డు కడిగిందో ఆ వార్డులోనే మంచం లేదన్నారు. రోజూ సూది వేయించుకోవాలి, ఏడాది దాటి మందులు మింగాలి. లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోయె. కూలికి పోతే సూది పోయె. జమేదారు మొదట సగం రోజు కోశాడు, తర్వాత ఆమె జాగలో ఇంకొకామెను పెట్టుకున్నాడు. ఆమె కూడా మా వాడ మనిషే, ఆమెను ఏమంటాం?

2018లో నగరంలో బస్తీ దవాఖానలు మొదలైనయి. డాక్టరు వాడ దగ్గరికే వస్తడు, రక్తపరీక్షకు పైసలుండవు. అమ్మ కాలంలో ఉంటే ఆ లైను తప్పేది. కాని అక్కడ ఊడ్చే ఆడమనిషిని అడిగితే ఆమెది కూడా కాంట్రాక్టు నౌకరే. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి చట్టాలొచ్చాయి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగుకాల్వల్లో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షలు ఇమ్మంది. దిగకుండా చూసే మిషన్లు కొనమంటే మాత్రం ఫైళ్లు కదలవు.

అమ్మ బతికింది, నౌకరీ బతకలేదు. పింఛనుకు పెడదామని సర్వీసు కాగితాలకోసం నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. పాత మస్టర్లు చెదలు తిన్నాయన్నాడు గుమాస్తా. ఇరవై రెండేళ్లు ఆ దవాఖానలో పనిచేసిందని చెప్పడానికి మా ఇంట్లో ఉన్నది ఒక్క టి.బి. మందుల చీటి. అందులో పేరు తప్పు రాశారు. పని అన్నచోట గీత గీశారు.