మంథనము

సంస్కృతమున మంథనమనగా చిలుకుట, మంథానమనగా కవ్వము. తెలుగువారము పెరుగునకు 'చిలుకుట'నుంచుకొని, మథనమును మనోవ్యథకు విడిచితిమి. 1928లో బార్డోలీ రైతులు శిస్తు పెంపు నెదిరించి నిలిచిన గుజరాతునందే, ఐదు లక్షల పాడిరైతులు తలకు 2 రూపాయల చొప్పున వేసికొని 1976లో నిర్మింపజేసిన చిత్రమునకు, హైదరాబాదున జన్మించిన శ్యామ్ బెనెగల్ 'మంథన్' అను పేరుంచుట మిక్కిలి సముచితము. ఏలయన పాల సహకారసంఘము పుట్టుకయు, దానివలన పల్లెలోని కులభేదములు కలతనొందుటయు ఆ ఒక్క పదముననే యిమిడినవి. (పాలను చిలుకుదురా యని గృహిణులు నవ్వవచ్చును, దేవతలు క్షీరసాగరమునే చిలికిరి గదా!) జాతీయ చలనచిత్ర భాండాగారమున దాచిన మూల నెగెటివు నుండి పునరుద్ధరింపబడి, యిది 2024లో కాన్ చిత్రోత్సవమున ప్రదర్శితమైనది. అరుదైన చిత్రములను సేకరించు రసికులు దీనిని తప్పక చేర్చుకొందురు గాక.