విశ్వరాజ్య భావన – శ్రీ అరవిందుల దర్శనం

భూమండలమంతా ఒకే శాసనానికి లోబడితే యుద్ధాలు అంతరిస్తాయనే ఆశ అతి పురాతనమైనది. ఆ ఏకత్వాన్ని సాధించే మార్గం ఏది అన్నదే ఆదినుండీ వివాదం. మహాభారత సభాపర్వంలో జరాసంధుడు రాజులను చెరబట్టి ఆధిపత్యం నెలకొల్పుకొనగా, ధర్మరాజు రాజసూయం కప్పాలను స్వీకరించి రాజ్యాలను ఆయా రాజులకే విడిచిపెట్టింది. అయినప్పటికీ ఆ వైభవాన్ని చూచిన దుర్యోధనుని హృదయంలో మాత్సర్యం రగిలింది. కురుక్షేత్రానికి అదే బీజమైంది.

పాశ్చాత్య దేశాలలో 1795లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఈ విషయాన్నే విచారించాడు. సమస్త జాతులను కబళించే ఏకైక సామ్రాజ్యం నిరంకుశత్వంగా పరిణమిస్తుందని, స్వతంత్ర రాజ్యాల సమాఖ్యయే శ్రేయస్కరమని ఆయన నిర్ణయం.

ప్రథమ ప్రపంచ యుద్ధం సాగుతుండగానే, పుదుచ్చేరి నుండి వెలువడే 'ఆర్య' మాసపత్రికలో శ్రీ అరవిందులు మానవైక్యాదర్శాన్ని గూర్చిన ఆంగ్ల గ్రంథాన్ని 1915 నుండి 1918 వరకు ధారావాహికగా ప్రకటించారు. అధికారమంతటినీ ఒకేచోట కేంద్రీకరించే విశ్వరాజ్యం యంత్రప్రాయమై జాతుల వైవిధ్యాన్ని, వ్యక్తి స్వేచ్ఛను హరిస్తుందని వారు హెచ్చరించారు. స్వేచ్ఛాయుత జాతుల సమాఖ్యయే ఉత్తమమని, అదికూడా ఆంతరిక ఏకత్వ భావన లేనిదే నిలువజాలదని ప్రతిపాదించారు.

చరిత్ర ఆ హెచ్చరికను త్వరలోనే ధ్రువపరచింది. 1920 జనవరి 10న నానాజాతి సమితి ఆవిర్భవించింది. దాని స్థాపనకు పాటుపడిన అధ్యక్షుడు విల్సన్ స్వదేశమైన అమెరికాయే అందులో చేరలేదు. సమితికి స్వంత సైన్యం లేదు. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించినప్పుడుగాని, 1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తినప్పుడుగాని అది నివారింపలేకపోయింది. ద్వితీయ ప్రపంచ యుద్ధానంతరం, 1945 అక్టోబరు 24న ఐక్యరాజ్య సమితి ఏర్పడింది. అయితే భద్రతామండలిలో ఐదు అగ్రరాజ్యాలకు వీటో అధికారం లభించింది. సమానత్వాన్ని చాటిన సంస్థలోనే బలవంతుని అహంకారానికి ఆసనం అమరింది.

1950లో ఆ గ్రంథానికి చేర్చిన నూతనాధ్యాయంలో శ్రీ అరవిందులు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. కాని నిరాశకు తావివ్వలేదు. మొదటి సమితి నశించినా దాని వెనుకనున్న ఆదర్శం నశించక, మరొక రూపంలో తిరిగివచ్చిందన్నది వారి దృష్టి.

ఒడంబడికలు ఆవశ్యకాలే, వాటికి ప్రాణం పోసేది మాత్రం హృదయ పరివర్తనం. 'నేను, నాది' అనే గ్రంథి వ్యక్తిలో ఎంత బలమైనదో జాతిలోనూ అంతే బలమైనది. కనుక ఆ గ్రంథిని సడలించే సాధన ఏకాంతవాసుల మోక్షానికి మాత్రమే పరిమితం కాదు. లోకశాంతికి సైతం అదే పునాది.