నిజాంసాగర్ కట్ట మీద మామూ భాంజా

మా భాంజా పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఆపా ఫోన్ చేసింది. "భాయ్, వీడు ప్రాజెక్ట్ ఇంజనీర్ అవుతానంటున్నాడు. అదేం నౌకరీ? ఏం చదివించాలి?"

ఫోన్‌లో తెగే ముచ్చట కాదనిపించింది. ఆదివారం వాణ్ణి బస్సెక్కించి నిజాంసాగర్ తీసుకెళ్లాను. మన పల్లెల్లో ప్రాజెక్టంటే ఆనకట్టే. "ప్రాజెక్టు నిండిందా?" అంటారు, పేరు కూడా చెప్పరు. కట్ట సుమారు మూడు కిలోమీటర్ల పొడవుంటుంది. అడుగులతో కొలుద్దామని ఇద్దరం లెక్కపెడుతూ బయల్దేరాం.

"దీన్ని ఎవరు కట్టారు మామూ?"

"నిజాం" అనేది అందరూ చెప్పే జవాబు. ఆయన ఖజానా తెరిచాడు, నిజమే. మంజీరా మీద ఈ కట్టను నిలబెట్టిన చీఫ్ ఇంజనీర్ మాత్రం నవాబ్ అలీ నవాజ్ జంగ్. అది ఖితాబు, అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో పుట్టాడు. మద్రసా ఎ ఆలియాలో, నిజాం కాలేజీలో తాలీమ్. 1896లో సర్కారీ వజీఫా మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీకి వెళ్లాడు. హిందుస్తాన్‌లో రోడ్లు, కాలవలు కట్టే ఇంజనీర్లను తయారు చేయడానికే పెట్టిన కాలేజీ అది. 1906లో మూతపడింది.

1899లో తిరిగొచ్చి పబ్లిక్ వర్క్స్‌లో అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేరాడు. ఇక్కడ భాంజాను ఆపి చెప్పాను: నిజాంసాగర్ పని మొదలైంది 1923లో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. వలాయతీ డిగ్రీ ఉన్నా వచ్చీ రాగానే ఎవరూ కట్ట చేతికివ్వలేదు. 1931లో పని పూర్తయింది. వైరా, పాలేరు జలాశయాలు కూడా ఆయన నిర్మాణాలే. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం.

తారీఫ్ ఒక్కటే చెబితే బేఈమానీ అవుతుంది. ఈ నీటి కింద ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి బాగా తగ్గిపోతే, తర్వాత మట్టం పెంచి 17.8 టీఎంసీల దగ్గర నిలిపారు. ప్రాజెక్ట్ ఇంజనీర్ లెక్కలో మట్టి కూడా ఉండాలని భాంజాతో అన్నాను.

"మరి ఆయన రోజంతా ఏం చేస్తాడు?"

నక్షా చదువుతాడు. అందులో ఉన్నదే నేల మీద పడిందా అని చూస్తాడు. కాంక్రీట్ పోయకముందు ఇనుప చువ్వల కట్టుడు తనిఖీ చేస్తాడు. పోసిన కాంక్రీట్‌తో ఘనాలు చేయించి ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున నలగ్గొట్టి బలం చూస్తారు, ఆ కాగితం మీద దస్తఖత్ చేస్తాడు. కొలతల పుస్తకం రాస్తాడు, గుత్తేదారు బిల్లు దాంతో సరిచూస్తాడు. ఇసుక రాదు, వాన వస్తుంది, మేస్త్రీలు పండక్కి ఊరెళ్తారు. అయినా ఏ వారం పని ఆ వారం ఎలా లాగాలన్నది అతని తలనొప్పే. ఆ పుస్తకంలో అబద్ధం రాయనివాడే అసలు ఇంజనీర్ అని నా నమ్మకం.

నా సొంత బాధ ఒకటుంది. నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. లెక్కలంటే ఇష్టం. "ఉర్దూ వాళ్లకు ఇంజనీరింగ్ ఎక్కడిది?" అని ఒక పెద్దాయన నవ్వితే నమ్మేశాను. డిగ్రీ తెలుగులో చేసి అఖ్‌బార్‌లో పడ్డాను. దానికి అఫ్సోస్ లేదు. కానీ 1917లోనే హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టి, మౌల్వీ అబ్దుల్ హఖ్ నిగ్రానీలో పుస్తకాల అనువాదం మొదలైందనీ, 1929లో తెరిచిన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు ఉర్దూలోనే నడిచాయనీ నలభై దాటాక తెలిసింది. 1948 తర్వాత ఇంగ్లీష్ వచ్చింది. అంతటి చరిత్ర మన ఇళ్లలోంచి ఒక్క తరంలో మాయమైంది.

ఇప్పుడు రాస్తా ఏమిటంటే, పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా చేయొచ్చు. అక్కణ్ణుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏటికి నేరుగా వెళ్లొచ్చు. ఇంటర్ ఎంపీసీ, ఎప్‌సెట్ దారి అందరికీ తెలిసిందే. ఉర్దూ చదివిన పిల్లలకు మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, హైదరాబాద్‌లో ఒకటి, కడపలో ఒకటి. తర్వాత కొన్నేళ్లు సైట్ ఇంజనీర్‌గా దుమ్ము తినాలి. ఆటోక్యాడ్, షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. అప్పుడు పేరు ముందు ప్రాజెక్ట్ అనే మాట వస్తుంది. సర్కారీ కొలువు కావాలంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష. ఖలీజ్ వెళ్లే వాళ్లకు నా సలహా ఒక్కటే: ముందు ఇక్కడ ఒక పనిని పునాది నుంచి ఆఖరి బిల్లు దాకా చూసి వెళ్లండి. సర్టిఫికెట్ మాత్రమే పట్టుకుని వెళ్లి, హెల్పర్‌గా మిగిలిన వాళ్లను మా మొహల్లాలోనే చూశాను.

తిరుగు బస్సులో భాంజా టికెట్ వెనక గుణింపులు వేశాడు. నా అడుగుల లెక్క ప్రకారం కట్ట వాడి లెక్క కంటే నాలుగొందల మీటర్లు తక్కువొచ్చింది.

"మామూ, మీరు మాట్లాడేటప్పుడు లెక్క మరిచిపోయారు" అన్నాడు.