ఎతిమరపు రజని

ఎతిమరపు రజని భారత మహిళా హాకీ గోల్‌కీపర్, ఉమ్మడి చిత్తూరు జిల్లా క్రీడాకారిణి. ఆమె కెరీర్‌ను ఆడిన నిమిషాలతో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఫార్వర్డ్‌లనూ మిడ్‌ఫీల్డర్లనూ కోచ్ ఆటలో పదేపదే మారుస్తాడు. గోల్‌కీపర్‌ను మార్చడం అరుదు. పైగా రియో, టోక్యో ఒలింపిక్స్‌లలో ఒక్కో మ్యాచ్‌కు జట్టులో 16 మందే. అంటే గోల్‌కీపర్‌కు ఒక్కటే చోటు, అది రెండుసార్లూ హర్యానాకు చెందిన సవితా పునియాకు దక్కింది. 18 మందిని అనుమతించే టోర్నీల్లోనే రెండో కీపర్‌కు తావు: 2017 ఆసియా కప్ స్వర్ణం, 2018 ఆసియా క్రీడల రజతం, 2022 కామన్వెల్త్ కాంస్యం గెలిచిన జట్లలో రజని ఉంది.

బెంచీ మీద కూర్చుని అందుకున్న పతకాలకు విలువేమిటని అడగవచ్చు. ప్రశ్న సహేతుకమే, 2017 ఫైనల్లో చైనాపై షూటౌట్ గెలిపించింది సవితే. కానీ ప్రధాన కీపర్ గాయపడితే ఆ క్షణంలోనే దిగాల్సింది రెండో కీపరే. అందుకు ఏళ్ల తరబడి అంతర్జాతీయ స్థాయి నిలుపుకోవాలి. సాధనలో పెనాల్టీ కార్నర్ దెబ్బలు ఆమె కూడా కాచుకోవాలి. ఇది అలంకారప్రాయమైన చోటు కాదు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురు ఆడే హాకీ) ప్రపంచ కప్‌కు భారత మహిళల సారథిగా రజనినే ఎంపిక చేశారు. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి, జట్టు రజతం తెచ్చింది.