పాఠం మనది, తాళంచెవి ఎవరిది?



మా సరిహద్దు ఊళ్ళలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం. మా బడిలో నాకంటే ముందు పనిచేసిన మాస్టారొకరు రెండు భాషల్లోనూ కంప్యూటరు మీద స్లైడ్ల పాఠాలు తయారుచేసి, పదవీ విరమణ నాడు ఒక సీడీలో పెట్టి నాకు అప్పగించారు. కొన్నేళ్ళకు కొత్త కంప్యూటరులో తెరిచి చూస్తే బొమ్మలున్నాయి గాని, అక్షరాల చోట అర్థం లేని గుర్తులు కనిపించాయి. ఆ పాఠాల కథ తెలియాలంటే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

1987లో ఫోర్‌థాట్ అనే అమెరికా సంస్థ పవర్‌పాయింట్‌ను తెచ్చింది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొన్నది. పీపీటీ అనే ఆ ఫైలు లోపలి అమరిక వివరాలు చాలాకాలం స్వేచ్ఛగా దొరికేవి కావు. 2008లో కంపెనీ వాటిని అందరి ముందూ పెట్టింది.

ఈలోగా మరో దారి పడింది. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, 2000లో దాని సోర్స్ కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్ పేరుతో లోకానికి ఇచ్చేసింది. దాని ఫైళ్ళ అమరిక ఆధారంగా 2005లో ఓపెన్ డాక్యుమెంట్ ప్రమాణం ఏర్పడింది. 2006లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. అందులో స్లైడ్ల ఫైలే ఓడీపీ. మైక్రోసాఫ్ట్ తెచ్చిన పీపీటీఎక్స్ కూడా 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

ఓడీపీ అంటే జిప్ పద్ధతిలో కట్టిన మూట. విప్పితే మాటలొక ఫైలులో, అలంకరణ మరొక ఫైలులో, బొమ్మలు వేరే ఉంటాయి. దాని నియమాలు అందరూ చదువుకోవచ్చు గనుక, తయారుచేసిన కంపెనీ మూతబడినా ఇంకొకరు విప్పగలరు.

మాస్టారి పీపీటీ ఫైళ్ళను నేను ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో తెరిచి, ఓడీపీగా భద్రపరిచాను. అయినా అక్షరాలు రాలేదు! కారణం ఫాంటు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అవి ఉత్త ఇంగ్లీషు గుర్తులే. అంటే పాఠం చెడలేదు, తాళంచెవి పోయింది. మూట విప్పి చూస్తే ఫాంటు పేరు అందులోనే రాసి ఉంది. ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక వేసుకుని యూనికోడ్‌లోకి మార్చాను. తప్పిన ఒత్తులు, దీర్ఘాలు పిల్లలే కూర్చుని దిద్దారు.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఫైలు మార్చినా అసలు ప్రతిని పారేయకండి. మార్చాక ప్రతి స్లైడూ చూసుకోండి. కదిలే బొమ్మలు, వరుసలు చెదరవచ్చు. తెలుగైనా కన్నడమైనా యూనికోడ్‌లోనే రాయండి. శాసనం చెక్కుచెదరకున్నా లిపి తెలిసినవాడు లేకపోతే అది ఉత్త రాయే. మన భాషకు బడి పుస్తకాలే అరుదైన చోట, ఒక మాస్టారి పాఠం అలా రాయి కాకూడదు.

సెలవు.