సూర్యలంకకు దారులెన్నో... తిరుగు ప్రయాణమే కీలకం

బాపట్ల: బంగాళాఖాతం ఒడ్డున ఉన్న సూర్యలంక తీరం సెలవు దినాల్లో పర్యాటకులతో, కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు వచ్చే భక్తులతో కిటకిటలాడుతుంది. బాపట్ల పట్టణం నుంచి తీరం సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉంది. బాపట్ల చేరుకోవడం సులభమే అయినా, చివరి 9 కిలోమీటర్ల రాకపోకలకు ముందుగా ఏర్పాటు చేసుకోకపోతే ఇబ్బందులు తప్పవు.

రైలు మార్గం: విజయవాడ - గూడూరు ప్రధాన మార్గంలో బాపట్ల స్టేషన్ ఉంది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవారికి సింహపురి ఎక్స్‌ప్రెస్ అనుకూలం. రాత్రి సికింద్రాబాద్‌లో బయలుదేరి తెల్లవారుజామున బాపట్ల చేరుతుంది. ఇక్కడ ఆగని రైళ్లలో వచ్చేవారు తెనాలిలో గానీ, చీరాలలో గానీ దిగి ప్యాసింజరు రైలు లేదా బస్సు అందుకోవచ్చు.

రోడ్డు మార్గం: గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. ఒంగోలు వైపు నుంచి వచ్చేవారు 216వ నంబరు జాతీయ రహదారిపై చీరాల మీదుగా రావాలి. మచిలీపట్నం, అవనిగడ్డ వాసులకు పెనుమూడి - పులిగడ్డ వారధి దాటి రేపల్లె మీదుగా రావడం దగ్గర దారి. విమానంలో వచ్చేవారు గన్నవరంలో దిగాలి. అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్లు.

బాపట్ల నుంచి: తీరానికి ఆర్టీసీ బస్సులు, ఆటోలు నడుస్తాయి. స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపాలి. చీకటి పడ్డాక వాహనాలు తగ్గుతాయి. అందువల్ల చివరి బస్సు వేళ ముందే కనుక్కోవాలి. ఆటోలో వెళ్లేవారు రానుపోను ఛార్జీ ఎక్కేముందే మాట్లాడుకోవడం మేలు. రాత్రి బస చేయదలచినవారికి పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత రిసార్టు తీరం వద్దనే ఉంది.

జాగ్రత్తలు: ఒడ్డున లోతు తక్కువగా కనిపించినా, వెనుదిరిగే నీరు మనుషులను లోపలికి లాగివేస్తుంది. రైలుకు వేళైందన్న తొందరలో, పోలీసులు హెచ్చరిస్తున్నా ముందుకు వెళ్లడం ప్రాణాంతకం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. తుఫాను హెచ్చరికలు ఉన్నప్పుడు తీరానికి అనుమతి ఉండదు. వాతావరణ సమాచారం తెలుసుకున్న తరువాతే ప్రయాణానికి సిద్ధం కావాలి.