సాన్రిజుకా రైతుల మాట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల చదువరులకు జపాను నుండి ఈ నాలుగు మాటలు వ్రాయుటకు కారణము కలదు. టోక్యో నగరమునకు తూర్పున, నేను నివసించు చిబా రాష్ట్రమున, మన మెట్టచేలవలెనే వేరుశనగకు పేరొందిన భూములున్నవి. వాని నడుమనే నేడు నరితా విమానాశ్రయము నెలకొనియున్నది. అది వెలసిన విధమును, పిదప దాని చుట్టుపట్ల భూవినియోగమును నిర్ణయించుటలో గ్రామములకు స్థానము లభించిన విధమును, శ్రీశైలము జలాశయమున ఊళ్లు మునుగుట చూచిన మన పాలమూరువారు తెలిసికొనదగినవి.

చిబాలోని తొమిసాతోలో తొలుత తలపెట్టిన విమానాశ్రయ నిర్మాణమును ప్రజాప్రతిఘటనచే విరమించుకొనిన ప్రభుత్వము, 1966 జూలై 4న, నేడు విమానాశ్రయమున్న సాన్రిజుకాను ఎన్నుకొనెను. చక్రవర్తి కుటుంబపు పశుక్షేత్రము అచ్చట ఉండుటచే రైతులనుండి కొనవలసిన భూమి తగ్గునని తలచెనే గాని, ఆ రైతుల సమ్మతిని ముందుగా అడుగలేదు. వారిలో పలువురు యుద్ధానంతరము అడవిని నరికి, నేలను సాగునకు తెచ్చిన పేదలు. తొమురా ఇస్సాకు నాయకత్వమున వారు సంఘమై, విద్యార్థులు తోడుకాగా, ఎదురు నిలిచిరి. 1971లో బలవంతపు భూసేకరణ వేళ జరిగిన సంఘర్షణలో ముగ్గురు పోలీసులు మరణించిరి. 1978 మార్చిలో ఉద్యమకారులు కంట్రోల్ టవరులోనికి చొచ్చి పరికరములను ధ్వంసము చేసిరి. తుదకు మే 20న, నిర్ణయమైన పండ్రెండేండ్లకు, ఒకే రన్‌వేతో విమానాశ్రయము తెరవబడెను.

ఆ యేటనే వెలువడిన ప్రత్యేక చట్టము ధ్వనిబాధిత ప్రాంతమును రెండు విధములుగా విభజించినది: ఒకదాన క్రొత్తగా కట్టు ఇండ్లు, బడులు, ఆసుపత్రులు శబ్దము చొరకుండునట్లు నిర్మింపబడవలెను; శబ్దము తీవ్రమైన రెండవదాన అట్టి కట్టడములే నిషిద్ధము. అయినను రైతు మనస్సునందలి గాయము చట్టముచే మానలేదు. 1991లో ఉద్యమములోని ఒక వర్గము, ఎట్టి పరిస్థితిలోను బలప్రయోగము చేయరాదను నియమముపై చర్చకు సమ్మతింపగా, ఆర్థికశాస్త్రవేత్త సుమియా మికియో ప్రభృతులు మధ్యస్థులై 15 బహిరంగ సభలు జరిపిరి. ప్రభుత్వము బలవంతపు సేకరణను విడనాడెను. 1995లో ప్రధాని మురాయామా క్షమాపణ చెప్పెను. విమానాశ్రయము మాట నిలుపుకొనుచున్నదో లేదో పరిశీలించుటకు ఒక సంఘము ఏర్పడెను.

ఎల్లరును సమాధానపడలేదు. భూమి లభింపనందున, 2500 మీటర్లుగా తలపెట్టిన రెండవ రన్‌వే 2002లో 2180 మీటర్లతోనే ఆరంభమై, 2009లో గాని పూర్తి నిడివికి చేరలేదు. అయినను బలవంతము ఇంచుకయు కదలింపలేనిదానిని సంవాదము కొంత కదలించెను. మూడవ రన్‌వే నిర్మాణమునకు 2018లో కేంద్ర ప్రభుత్వము, చిబా రాష్ట్రము, విమానాశ్రయ సంస్థలతో పాటు చుట్టుపట్ల తొమ్మిది నగరములు, పట్టణములు కూడ కూర్చుండి ఒప్పందము చేసికొనినవి.

మన దేశమున 2013 భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ అంచనాను, ప్రజాభిప్రాయ సభను ఏర్పరచినది. రేపు మీ పొలముల మీద ఎట్టి నిర్మాణము తలపెట్టబడినను, అట్టి సభ జరిగినచో మానక వెళ్లుడు. పటము ఖరారు కాకమునుపే మీ మాట వ్రాతమూలముగా నమోదు చేయింపుడు. తొలినాడు రైతును అడుగని ప్రభుత్వము ఇరువది యైదేండ్ల పిదపనైనను అతని ముందు కూర్చుండవలసివచ్చినది. మొదటనే అడిగియున్నచో ఆ ప్రాణములు దక్కియుండెడివి.